ఎడమ పక్క ఎత్తు

చెన్నరాయప్పకు వంకర అంటే పడదు. గోడకు తగిలించిన క్యాలెండరు ఒక పక్కకు ఒరిగితే తింటున్న అన్నం ముందు నుంచి లేచి వెళ్లి, దాన్ని సరిచేసి వచ్చి కూర్చునేవాడు. పెళ్లినాడు తాళి కడుతూ మూడో ముడి పక్కకు పోయిందని విప్పబోయాడని, అయ్యవారు గబుక్కున చెయ్యి పట్టుకుని ఆపాడని భార్య మారక్క పదిహేనేళ్ల తరవాత కూడా వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. ఆ ముడి నిజంగానే పక్కకు పోయిందని ఆయన అభిప్రాయం.

హోసూరు సిప్‌కాట్‌ పారిశ్రామికవాడలో గేర్లు తయారుచేసే ఒక కంపెనీలో ఆయనది తనిఖీ పని. బల్ల మీద డ్రాయింగు పరిచి ఉంటుంది, చేతిలో వెర్నియర్ ఉంటుంది. మిషన్ల మీంచి వచ్చిన ముక్కను వెర్నియర్ దవడల మధ్య పెట్టి కొలవాలి. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడు కొలతలూ ఒక్కటైతేనే పుస్తకంలోకి ఎక్కించాలి. డ్రాయింగులో ఉన్న అంకెతో కలవకపోతే ముక్క మీద ఎర్ర రంగు చుక్క పెట్టాలి. చుక్క పడిందంటే ఇక దాని దారి తుక్కు తొట్టిలోకే. మిషన్ల దగ్గరివాళ్లు ఆయనకు ఎర్రచుక్కప్ప అని పేరు పెట్టుకున్నారు. బతిమాలినా, టీ తెప్పించినా వెంట్రుకవాసి తేడాను కూడా వదిలిపెట్టేవాడు కాదు. మూడు కొలతలు మూడు రకాలుగా వస్తే సగటు రాసెయ్యమని ఎవరైనా సలహా ఇస్తే, సగటంటే అబద్ధానికి ఇంకో పేరని కసురుకునేవాడు.

ఇలాంటి మనిషికి పాత మోటార్‌సైకిళ్ల పిచ్చి పట్టింది. పట్టక ఏమవుతుంది మరి. వారమంతా డ్రాయింగు తప్పిన ఇనుమును పారేసే మనిషికి, ఆదివారం పూటైనా తప్పిన ఇనుమును దారిలో పెట్టాలనిపించడంలో వింత లేదు. మత్తిగిరి రోడ్డులో అద్దెఇంటి వెనకాల రేకుల షెడ్డు వేసుకున్నాడు. కృష్ణగిరి, సూళగిరి, ఊత్తంగరై చుట్టుపక్కల ఏ పశువుల కొట్టంలో పాత బండి ఉందని తెలిసినా బస్సెక్కి వెళ్లేవాడు.

అవి మామూలు బండ్లు కావు. వాటి యజమానులు వాటిని తమ అవసరానికి తగ్గట్టు ఎలా పడితే అలా మార్చుకున్నవి. ఊత్తంగరైలో ఒక పాలాయన బుల్లెట్టుకు వెనక మంచం చట్రం బిగించి ఎనిమిది క్యాన్లు కట్టేవాడు. సూళగిరిలో ఒక టమాటా మండీ యజమాని బండిలోంచి పెట్రోలు ఇంజన్ పీకేసి, బోరుబావి డీజిల్ ఇంజన్ పెట్టుకున్నాడు. అది వస్తుంటే వీధిలోని కుక్కలన్నీ ముందే తప్పుకునేవట. ఇంకొకాయన హ్యాండిల్‌ను మేక కొమ్ముల్లా పైకి వంచి, ట్యాంకు మీద పులి బొమ్మ వేయించాడు. చెన్నరాయప్ప వాటిని తెచ్చి ఒక్కొక్క బోల్టూ విప్పి, తరవాత చేర్చినవన్నీ ఎర్ర చుక్క పెట్టి మూలకు వేసేవాడు. కంపెనీ పాత పుస్తకాలు సంపాదించి, బెంగళూరు ఆదివారం సంతలో అసలైన మడ్‌గార్డు, అసలైన దీపం, అసలైన రబ్బరు వెతికి తెచ్చేవాడు. బండి కంపెనీ గేటు దాటిన రోజు ఎలా ఉండేదో అలా ఉండాలి. ఆయన మతమంతా ఆ ఒక్క మాటలో ఉంది. తొంభై అయిదు నాటికి షెడ్డులో అయిదు బండ్లు అద్దాల్లా మెరుస్తూ నిలబడ్డాయి.

ఆ షెడ్డులోకి వచ్చి ఆయన్ను నిలదీసింది ఒక్కతే మనిషి. ఆయన మేనకోడలు వినుత.

చెన్నరాయప్ప అక్క నంజమ్మను అత్తిముగం జయరామప్పకు ఇచ్చారు. రాగులు, టమాటాలు పండించే రైతు కుటుంబం. వాళ్లకు వినుత ఒక్కతే బిడ్డ. పదకొండో నెలలో మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని చెవులు కుట్టించాడు. కంసాలి సూది దించినప్పుడు ఆ పిల్ల ఏడవలేదు, మామ చొక్కా గుండీ పట్టుకుని తెంపేసింది. రెండో ఏట జ్వరం వచ్చి, కాళ్లు చచ్చుబడ్డాయి. పెరిగేకొద్దీ వెన్ను కూడా ఎడమకు ఒరిగిపోయింది. తెలివి మాత్రం ఎటూ ఒరగలేదు. అయిదో తరగతి దాకా తల్లి చంకనెత్తుకుని ఊళ్లో బడికి తీసుకుపోయింది. ఆరులో సూళగిరిలో చేర్చాలి. బస్సులో నిలబడలేదు, సైకిలు మీద కూర్చోలేదు. ఇంతటితో చాలని ఊరంతా చెప్పింది.

జయరామప్ప వినలేదు. ఒక బడిపంతులు దగ్గర పాత జావా బండి కొన్నాడు. కిక్కరూ గేరూ ఒకే కడ్డీగా ఉండే పాతకాలపు జావా. ఊళ్లో కొలిమి నాగేశప్ప, ఆయనా కలిసి విరిగిన ఎద్దుల బండి చక్రం పట్టా కాల్చి, వంచి, బండి వెనక ఒక సీటు కట్టారు. వీపుకు ఆనుడు, రెండు పక్కలా చేతి కడ్డీలు, కాళ్లకు పలక, నడుముకు బకిల్ ఉన్న తోలు పట్టీ. కొబ్బరి పీచు కుక్కి, నంజమ్మ తన నీలం చీరతో గలీబు కుట్టింది. పాప ఎడమకు ఒరుగుతుంది కాబట్టి ఎడమ పక్క కింద ఒక పనస చెక్క పెట్టి ఎత్తు చేశారు. ఏటా జూన్‌లో బడి తెరిచే ముందు ఆమెను అందులో కూర్చోబెట్టి, ఎక్కడ నొప్పి పెడుతుందో అడిగి, తండ్రి అరచేత్తో తడిమి చూసి, మళ్లీ కాల్చి వంచేవారు. ఇంకొక చెక్క చేరేది. వాళ్లకు డ్రాయింగు లేదు. జయరామప్ప చేతికి తెలుసు, అంతే.

ఆ సీటులో కూర్చుని ఆ పిల్ల మూడేళ్లు రాణిలా బడికి వెళ్లింది. ఒక దసరా సెలవుల్లో తండ్రితో మత్తిగిరికి వచ్చినప్పుడు షెడ్డులో బండ్లన్నీ చూసి అడిగింది.

"మామా, ఇన్ని బండ్లుండాయి, నేను కూచొనేది ఒకటీ లేదే?"

చెన్నరాయప్ప నవ్వి, ఆమెను ఎత్తి ఒక బుల్లెట్టు మీద కూర్చోబెట్టాడు. కంపెనీ సీటు తిన్నగా ఉంది. పిల్ల ఎడమకు జారింది. ఆయన భుజం పట్టుకుని ఆపి, నీకోసం ఒకటి చేస్తాలే అన్నాడు. చేయలేదు. సరైన సైలెన్సర్ దొరకలేదనో, నికెల్ పూత వేసేవాడు ఊళ్లో లేడనో ఆదివారాలు గడిచిపోయాయి. ఈ ఒక్క సంగతి తలుచుకుంటే ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

తొంభై ఆరు మార్గశిరం చలిలో వినుతకు రొమ్ము పట్టేసింది. ఒరిగిన వెన్ను కింద ఊపిరితిత్తులకు చోటు చాల్లేదన్నారు. మూడు రోజులు ఎగశ్వాసతో కొట్టుకుని, నాలుగోరోజు పొద్దున పోయింది. పద్నాలుగేళ్లు.

పోయినవాళ్లు వాడిన వస్తువులు ఇంట్లో ఉంచుకోకూడదని వాళ్ల పట్టింపు. పదకొండోనాడు బట్టలు, చాప, దిండు, కాళ్లకు కట్టుకునే ఇనుప పట్టీలు, పలక, పుస్తకాలు అన్నీ మూటకట్టి ఊరి పొలిమేర వాగు అవతల విడిచి వచ్చారు. మూట మోయాల్సింది మేనమామ. చెన్నరాయప్పే మోశాడు. బరువు లేదు. వెనక్కి తిరిగి చూడకూడదన్నారు, చూడలేదు. పశువుల కొట్టంలో ఉన్న జావా బండి మాత్రం ఎవరికీ గుర్తుకు రాలేదు. సీటు బండికి బోల్టులతో బిగించి ఉంది కాబట్టి, అది బండిలో ముక్కే తప్ప పాప వస్తువని ఎవరికీ తోచలేదు. తండ్రికి తోచిందేమో గాని, ఆయన పైకి చెప్పలేదు.

ఆ తరవాత ఏడాదిన్నర బండి కదల్లేదు. తొంభై ఎనిమిది ఉగాది దాటాక జయరామప్ప దాన్ని టెంపోలో వేసుకుని మత్తిగిరికి తెచ్చాడు. మనిషి చిక్కిపోయి ఉన్నాడు. మజ్జిగ తాగి, లోటా పక్కన పెట్టి చెప్పాడు.

"ఇంజను పట్టేసిందప్పా. అది ఒకటి ఓడేమాదిరి చేసిస్తే చాలు. ఇంకేమీ వద్దు."

బండి నడిస్తే చాలన్న ఆ మాటను చెన్నరాయప్ప మర్యాద మాట కింద తీసుకున్నాడు. బావ ఎప్పుడూ అంతే, ఇంకో ముద్ద పెట్టబోతే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టే మనిషి. వద్దన్నవాడికి కొసరి వడ్డించడమే కదా చుట్టరికం. ఆయన మనసులో అప్పుడే నిర్ణయమైపోయింది. ఆయుధపూజ నాటికి ఈ బండిని అరవై ఎనిమిదో సంవత్సరంలో కంపెనీ గేటు దాటినట్టుగా చేసి బావ చేతిలో పెట్టాలి. మేనకోడలికి చేయలేనిది ఆమె తండ్రికైనా చేయాలి. మనసు మంచిదే. అందుకే ఆ తరవాత జరిగింది ఇంకా ఘోరంగా అనిపిస్తుంది.

ఆరు నెలలు ఆదివారమనకుండా, పండుగనకుండా పనిచేశాడు. పిస్టన్ కొత్తది వేశాడు. ట్యాంకుకు మెరూన్ రంగు, పక్కలకు నికెల్ పూత వేయించాడు. మోకాళ్లు ఆనించే రబ్బరు దిమ్మల కోసం మైసూరు దాకా వెళ్లాడు. సీటు విప్పేరోజు మాత్రం చెయ్యి కాసేపు ఆగింది. నీలం చీర వెలిసిపోయి ఉంది. బకిల్ తుప్పు పట్టింది. అలవాటు చొప్పున వెర్నియర్ పెట్టాడు. రెండు చేతి కడ్డీలు ఒక ఎత్తులో లేవు. ఆనుడు మెలితిరిగి ఉంది. నాలుగు చోట్ల వెల్డింగు, ఎడమ పక్క కింద మేకులు కొట్టిన చెక్కముక్కలు. ఇలాంటిది కళ్ల ముందు పెట్టుకుని బావ ఎలా నిద్రపోతున్నాడో అనుకున్నాడు. పదకొండోనాడే ఇది కూడా వాగు దాటాల్సిందని, తాను మరిచిపోయినందువల్లే ఆ ఇంట్లో ఏడుపు తెగలేదని అనుకున్నాడు. ఎడమ కడ్డీ మీద ఎర్ర చుక్క పెట్టి మూలకు వేశాడు. కొలిచిన అంకెలు ఎక్కడా రాసుకోలేదు. తీసేసే ముక్క కొలతలు ఎవరు రాసుకుంటారు?

ఆయుధపూజకు ముందు హోసూరులో ప్రతి షెడ్డునూ కడుగుతారు. ఏడాది పొడవునా పోగైన తుక్కునంతా బయటికి పంపేస్తారు. పాత ఇనుము కొనే గుజిరీ అంగడి రామచంద్ర బండి వచ్చినప్పుడు మూలలో ఉన్న ఇనుమంతా ఎత్తించాడు. సీటు కనబడి మారక్క అడ్డం వచ్చింది. అది పాపది కదా, వదినతో ఒక మాట చెప్పొద్దా అంది. అలాంటిది ఇంట్లో ఉండకూడదని ఆయన గద్దించాడు. ఆమె కొంగుతో సీటు మీద దుమ్ము తుడిచి, పక్కకు జరిగింది.

పూజనాడు బండ్లన్నిటినీ వరసగా నిలబెట్టి, బంతిపూల దండలు వేసి, పసుపు కుంకుమలు పెట్టారు. జావా ముందు వరసలో ఉంది. నంజమ్మా జయరామప్పా పదిగంటల బస్సుకు వచ్చారు. చెన్నరాయప్ప బావ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి బండి ముందు నిలబెట్టాడు. గుమ్మడికాయ పగలగొట్టేవాడు కూడా ఆగి చూశాడు, అంత అందంగా ఉంది బండి.

జయరామప్ప ముందు ట్యాంకును చూశాడు. దీపాన్ని చూశాడు. మెల్లగా వెనక్కి నడిచాడు. ఆయన కుడిచెయ్యి లేచి, ఆనుడు ఉండే ఎత్తులో గాలిలో ఆగింది. అక్కడ ఏమీ లేదు. చెయ్యి కాసేపు అలాగే ఉండి, తరవాత కొత్త సీటు రెక్సిన్ మీదికి దిగింది.

నంజమ్మే అడిగింది. "సీటు యాడప్పా?"

"తీసేసినానక్కా," అన్నాడు చెన్నరాయప్ప. ఇంకా సంతోషంగానే ఉన్నాడు. "ఇట్లాంటిది ఇంట్లో ఉండగూడదు. ఎన్నాళ్లని చూసుకుంటా ఉంటారు?"

ఆమె మొగుడి మొహం వైపు చూసింది. జయరామప్ప బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు.

"బాగుండాదప్పా. కొత్తదాని మాదిరి ఉండాది," అన్నాడు.

చక్రం కింద నిమ్మకాయ పెట్టారు. ఆయన కూర్చుని ఒక్క తన్నుకే స్టార్ట్ చేసి, నిమ్మకాయను తొక్కించి, భార్యను ఎక్కమని కూడా అనకుండా అలాగే అత్తిముగం వైపు వెళ్లిపోయాడు. బావకు ఆనందంతో మాట రాలేదని చెన్నరాయప్ప అనుకున్నాడు. అక్కను బస్సెక్కించడానికి వెంట నడిచాడు. స్టాండులో బస్సు ఇంకా రాలేదు. నంజమ్మ అప్పుడు చెప్పింది, గొంతు పెంచకుండా, రోడ్డు వైపు చూస్తూ.

"ఆ బండి ఓడితే పొద్దున్నే బడి దోవలో పోయి రావాలని ఉండె ఆయనకు. ఆ పట్టీ బకిల్ వెనకాల గలగలా అంటా ఉంటాది గదా. వెనక్కి తిరిగి చూడకపోతే పాప ఉన్నట్టే ఉంటాదంట. అంతేనప్పా. ఇంకేం అడిగినాడు?"

బస్సు వచ్చింది, ఆమె ఎక్కింది. చెన్నరాయప్ప అక్కడే ఉండిపోయాడు. దండ వేసిన లారీలు, ఆటోలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. వాటికి అడ్డంగా నడుచుకుంటూ గుజిరీ అంగడికి వెళ్లాడు. పూజ కాబట్టి మూసి ఉంది. మర్నాడు విజయదశమి, అప్పుడూ మూసి ఉంది. మూడోరోజు తలుపు తీసేసరికి గడప మీద కూర్చుని ఉన్నాడు. పండుగ ముందే లారీ నిండిందని, సరుకు కొలిమికి వెళ్లిపోయిందని రామచంద్ర చెప్పాడు. ఇనుము కరిగించే ఆ కార్ఖానా గేటు దాకా కూడా వెళ్లాడు. లోపల ఎర్రగా కరిగిన ఇనుము పోతపోస్తున్నారు. గేటు దగ్గర మనిషి ఏం పోయిందని అడిగాడు. ఒక సీటు అన్నాడు. ఆ మనిషి నవ్వాడు, పాపం ఆయనకేం తెలుసు.

జయరామప్ప తిట్టలేదు. తిడితే బాగుండేది. జావాను కొట్టంలో పెట్టి గోనెపట్టా కప్పాడు, మళ్లీ ఎక్కలేదు. చెన్నరాయప్ప ఎప్పుడు వెళ్లినా కాఫీ ఇప్పించి, టమాటా ధరల గురించి మాట్లాడేవాడు.

తొంభై తొమ్మిదిలో చెన్నరాయప్ప ఆ సీటును మళ్లీ చేయడానికి కూర్చున్నాడు. ఎన్నో బండ్లను పాత రూపానికి తెచ్చిన చెయ్యి, దీనిదేముందనుకున్నాడు. బండి చక్రం పట్టా తెచ్చాడు, కాల్చాడు, వంచాడు, అక్కను అడిగి పాత నీలం చీర ఇంకొకటి తెచ్చి గలీబు కుట్టించాడు. తీసుకెళ్లి బిగించాడు. బావ అరచెయ్యి ఆనుడు మీద పెట్టి, కింద దాకా మెల్లగా తడిమాడు.

"కంపెనీది మాదిరి ఉండాదప్పా," అన్నాడు. తప్పు పట్టినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టే అన్నాడు.

అది నిజం. ఆయన చేతికి వంకర రాదు. వంకరగా చేయాలని కూర్చున్నా రెండు కడ్డీలూ ఒకే ఎత్తుకు వచ్చి నిలిచేవి. కావాలని ఒకదాన్ని వంచితే అది ఎవరి వంకరా కాదు, ఉత్త చెడిపోయిన ఇనుము. ఆ పిల్ల వెన్ను ఎంత ఒరిగిందో, ఎక్కడ మెలి తిరిగిందో, ఏటా ఎంత పెరిగిందో అన్నీ ఆ పాత సీటులో ఉండేవి. ఆమె ఒంటి ఆకారం ఈ లోకంలో మిగిలింది అక్కడొక్కచోటే. దాని మీద తాను ఎర్ర చుక్క పెట్టాడు. ఇది అర్థమైనరోజు ఆయన షెడ్డులో నేల మీద కూర్చుని ఏడ్చాడు. మారక్క చూసి, లోపలికి రాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.

కొలతల కోసం తిరిగాడు. కొలిమి నాగేశప్పకు తెలిసి ఉండాలి, కానీ ఆయన పాప పోయిన మరుసటేడే పోయాడు. బడిలో తీసిన ఫోటో ఒకటి దొరికింది. అందులో వినుత బండి మీదే కూర్చుని ఉంది, పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. సీటు కనబడదు. ఆమె కూర్చుంది కాబట్టే కనబడదు. రెండో సీటు చేశాడు, మూడోది చేశాడు. ప్రతిసారీ బావ తడిమి చూసి, శ్రమ పడొద్దప్పా అనేవాడు. ఈలోగా షెడ్డులోని అయిదు బండ్లూ ఒక్కొక్కటే అడిగినవాళ్లకు వెళ్లిపోయాయి. ఆదివారం సంతకు వెళ్లడం మానేశాడు. కంపెనీలో కూడా ఎర్ర రంగు డబ్బా తెరవడానికి తటపటాయిస్తున్నాడని వెనకాల అనుకునేవారు. ముక్కను పక్కన పెట్టి, ఎందుకిలా అయిందో మిషన్ మీదివాణ్ణి పిలిచి అడిగేవాడట. రెండు వేల అయిదులో పదవీ విరమణ చేశాడు. సన్మానంలో వాళ్లిచ్చింది కొత్త వెర్నియర్, చెక్కపెట్టెలో.

ఆ మరుసటి ఏడు మే నెలలో అక్క కబురు పంపింది. బావ రమ్మంటున్నాడని, కొలిచే పనిముట్టు కూడా తెమ్మన్నాడని. జయరామప్పకు అప్పటికి చేతులకు వణుకు వచ్చి రెండేళ్లయింది. అన్నం తానే తింటాడు కానీ సగం ఒళ్లో పడుతుంది. ఇంటి ముందు అరుగు మీద ఎండపొడలో కూర్చుని ఉన్నాడు. బావమరిది వచ్చి కూర్చోగానే, పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టాడు.

"పొద్దున జ్ఞాపకం వచ్చిందప్పా. ఎడమ పక్క ఎత్తు. ఆఖరి జూన్‌లో పెట్టింది. మళ్లీ పోయేలోగా కొలుచుకో."

కుడిచెయ్యి చాపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు చూపించాడు. ఇంత అన్నాడు. చెన్నరాయప్ప చెక్కపెట్టె తెరిచి వెర్నియర్ తీశాడు. అప్పటిదాకా దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. దవడలు ఆ రెండు వేళ్ల మధ్యకు దూర్చి, మెల్లగా విప్పి, చర్మానికి తగిలీ తగలకుండా ఆపి చూశాడు. ముప్పై రెండు మిల్లీమీటర్లు.

మూడుసార్లు చూడందే ఆయన చేతికి తృప్తి ఉండదు. మళ్లీ చూపించమన్నాడు. జయరామప్ప చెయ్యి ముడుచుకుని, కళ్లు మూసుకుని, మళ్లీ చాపాడు. నలభై ఒకటి.

మూడోసారి వేళ్లు ఆగలేదు. దగ్గరకు వస్తున్నాయి, దూరం పోతున్నాయి. జయరామప్ప ఎడమచేత్తో కుడిచెయ్యి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు రెండు చేతులూ వణికాయి. ఆయన తన వేళ్ల వైపే చూస్తున్నాడు, అవి వేరే ఎవరివో అన్నట్టు.

"చేతికి తెలిసేదప్పా," అన్నాడు. "ఇప్పుడు తెలస్తా లేదు. ఇది కూడా పోతే పాప ఎట్లుండెనో నాకు..." అని ఆగిపోయాడు.

చెన్నరాయప్ప ఆ వేళ్లను తన చేతిలోకి తీసుకున్నాడు. వెర్నియర్‌ను ఇంకోసారి వాటి దగ్గర పెట్టినట్టే పెట్టి, మర బిగించి, వెలుతురుకు ఎత్తి చూశాడు.

"దొరికింది బావా. ముప్పై ఆరున్నర."

"దొరికిందా?"

"మూడుసార్లూ అదే వచ్చింది."

జయరామప్ప మొహం తేటపడింది. ముప్పై ఆరున్నర అని రెండుసార్లు తనలో అనుకున్నాడు. చెన్నరాయప్ప కొలత తప్పడని ఆయనకు నమ్మకం. మళ్లీ మరిచిపోతానేమో, కాగితం మీద రాసివ్వమని అడిగాడు. చెన్నరాయప్ప క్యాలెండరు వెనక చింపి, నిలువుగా, తిన్నగా అంకె రాసి ఇచ్చాడు. జయరామప్ప దాన్ని నాలుగు మడతలు పెట్టడానికి చాలాసేపు పట్టింది. సాయం చేయనివ్వలేదు. మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద అరచెయ్యి ఉంచుకున్నాడు.

నంజమ్మ కాఫీ తెచ్చి, ఏమిటని అడిగింది. పాప ఎత్తు అని చెప్పాడు ఆమె మొగుడు. చెన్నరాయప్ప వెర్నియర్‌ను పెట్టెలో పెట్టి మూసి, కాఫీ లోటా అందుకున్నాడు.